లైల్ పక్క చాప

"నిద్రపోతుంటే మీ ఆయన భలే ముద్దొస్తాడే మార్లిస్!" అంది క్లాడిన్, పీకల్లోతు వేడినీళ్ళలో నిలబడి.

కొలనులో ఉన్న ఆడవాళ్ళందరూ కిసుక్కుమన్నారు. గట్టు మీద ఈల మెడలో వేసుకుని, గడ్డి టోపీ పెట్టుకుని, చేతులు ఎలా ఊపాలో చూపిస్తున్న మార్లిస్ హెండర్‌షాట్ చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"నువ్వెక్కడ చూశావే, ఆయన నిద్రపోవడం?"

"టామ్సిన్ దగ్గర. గురువారం గురువారం వస్తాడుగా. సరిగ్గా నా కాళ్ళ దగ్గరే ఆయన తలకాయ. నీకు తెలీదూ?" క్లాడిన్ నోటి మీద తడి చెయ్యి వేసుకుంది. తెలియదని తెలిసే అడిగిన మొహం అది. క్లాడిన్‌కి మోకాళ్ళు అరిగాయి గానీ నాలుక ఇంకా కొత్తదే.

"తెలియకేం? నేనే వెళ్ళమన్నా," అంది మార్లిస్. "మోకాళ్ళు పైకి! మాటలు కాదు, మోకాళ్ళు!" అని ఈల ఊదింది. ఆ పూట అందరి చేత మామూలు కంటే ఎక్కువ గెంతించింది. శాన్ హసింటో కొండ మీద ఎండ పడి కిందికి జారే వేళకి, పాపం ముసలమ్మలు మెట్లు పట్టుకుని బయటికి పాకవలసి వచ్చింది.

ఆ ఎడారి ఊరు మిషన్ వెల్స్‌లో భూమిని ఎక్కడ తవ్వినా వేడినీళ్ళే. ఆ నీళ్ళని నమ్ముకుని బతికే ఊళ్ళో మార్లిస్‌దే పైచెయ్యి. పాత మోటెల్ కొలనులో ఆమె చెప్పే నీటి వ్యాయామం చెయ్యని నడుము ఊళ్ళో లేదు. ఆమె కొలనులో ఒక చట్టం కూడా ఉంది: ఎవరి చోటు వాళ్ళది. ముందొచ్చినవాళ్ళు లోతు వైపు, ఊట దగ్గర. కొత్తవాళ్ళు మెట్ల దగ్గర, మోకాలి లోతులో, సిగ్గుపడుతూ. ఎవరైనా పోతేనో ఊరు విడిచి వెళితేనో తప్ప చోటు మారదు. ఒకసారి మేయరు భార్య వచ్చి క్లాడిన్ చోట్లో నిలబడితే, "అమ్మా, అది ఖాళీ కాదు, మనిషి ఇంకా రాలేదంతే" అని అందరి ముందూ జరిపి మెట్ల దగ్గరికి పంపించింది. ఆ తర్వాత ఊళ్ళో యోగా గదుల్లోనూ ఒళ్ళు సాగదీసే గదుల్లోనూ అందరూ ఆ చట్టాన్నే పట్టుకున్నారు.

అలాంటి మనిషి ఎదురుగా, రోడ్డుకి అవతల, మూతపడిన తివాచీల కొట్టుకి తెల్ల సున్నం వేసి, సముద్రం వైపునుంచి వచ్చిన టామ్సిన్ ఓక్స్ అనే పిల్ల స్టూడియో తెరిచింది. గొంతు చూస్తే పిట్టగొంతు. చేసేదల్లా జనాన్ని చాపల మీద పడుకోబెట్టి గాజు గిన్నెలు మోగించడం. దాన్ని నాదస్నానం అంటారట! నీళ్ళు లేని స్నానం ఎడారిలో కాకపోతే ఇంకెక్కడ అమ్ముడుపోతుంది అని మార్లిస్ మొదట్లో నవ్వింది. తర్వాత తన కొలనులోవాళ్ళు ఒక్కొక్కరే గురువారాలు అటు మళ్ళుతుంటే నవ్వు తగ్గించింది. పొరుగింటి పుల్లకూర రుచి, నాలుగు రోజులు పోతే వాళ్ళకే మొహం మొత్తుతుందని సరిపెట్టుకుంది.

కానీ లైల్! పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె కొలనులో కాలి వేలు పెట్టని లైల్! "నీళ్ళల్లో గెంతడం నా వల్ల కాదు, నేను పంపులు బాగుచేసేవాణ్ణి, నీళ్ళని బయటినుంచి చూసేవాణ్ణి" అని తప్పించుకున్న లైల్! వాడు వెళ్ళి ఆ పిట్టగొంతు పిల్ల కాళ్ళ దగ్గర పడుకుంటాడా? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, నిజమే. కానీ పెరటి చెట్టుకీ కడుపు మండుతుందని ఎవరూ చెప్పలేదు.

ఇంటికి వెళ్ళేసరికి లైల్ వంటింట్లో గుడ్లు వేయించుకుంటున్నాడు. పొడుగాటి మనిషి, కళ్ళ కింద నల్లటి చారలు. రిటైరయ్యాక సన్నబడ్డాడు.

"గురువారాలు ఎక్కడికెళ్తున్నావు?"

"రస్టీ గ్యారేజీకి. చెప్పాగా."

"రస్టీ గ్యారేజీలో సాంబ్రాణి వేస్తున్నారా? నీ చొక్కాలన్నీ అదే కంపు."

లైల్ పొయ్యి ఆపేశాడు. "నడుం కొంచెం పట్టేసిందనీ..."

"నడుమా! తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట నీలాంటోడే. ఈ ఊళ్ళో నడుములన్నీ బాగుచేసేది ఎవరు? నేను కదూ! నీ నడుముకి మాత్రం ఆ పిల్ల కావాల్సొచ్చిందా? చిన్నపిల్ల అనా? చక్కగా ఉంటుందనా?"

లైల్ గుడ్ల వైపే చూస్తూ, "అక్కడ నిద్రపడుతుంది మార్లిస్," అన్నాడు.

ఆ పిల్ల మీద మనసు పడిందని చెప్పినా బాగుండేది. అలాంటి గొడవ ఎలా పడాలో ఆమెకి తెలుసు. కానీ నిద్రపడుతుందట! ఇంట్లో పట్టని నిద్ర, ఊరంతా చూస్తుండగా, సాంబ్రాణి కంపు మధ్య పడుతుందట!

లైల్‌కి నిద్ర లేకపోవడం ఆమెకి తెలియని సంగతి కాదు. ఎండాకాలంలో ఆమె క్లాసు తెల్లవారకముందే మొదలవ్వాలి, పొద్దెక్కితే గట్టు మీద అరికాళ్ళు కాలిపోతాయి. చీకటితో లేవవలసిన మనిషికి పక్కన గురక ఎలా కుదురుతుంది? అందుకని కొన్నేళ్ళ కిందట ఒకరాత్రి అతన్ని లేపి, "నువ్వు వెనక గదిలో పడుకో" అంది. అతను మారుమాట లేకుండా దిండు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మారుమాట లేదు కాబట్టి ఇష్టమేనని ఆమె అనుకుంది. తర్వాత ఎప్పుడో నిద్రపట్టడం లేదన్నాడు. ఊరందరికీ చెప్పినట్టే అతనికీ చెప్పింది: కడుపుతో ఊపిరి పీల్చు, కాళ్ళు గోడకి ఆనించు, సాయంత్రం కాఫీ మానెయ్. అతను అన్నిటికీ తలూపాడు.

గురువారం ఆమె దొంగచాటుగా వెళ్ళలేదు. ఎర్ర టోపీ పెట్టుకుని, చాప చుట్ట చంకలో పెట్టుకుని, నడిరోడ్డు దాటి దర్జాగా వెళ్ళింది. టామ్సిన్ పరుగున ఎదురొచ్చింది.

"మార్లిస్ గారూ! మీరు రావడం మా అదృష్టం. నేనీ ఊరు వచ్చినప్పుడు అందరూ మీ పేరే చెప్పారు."

"ఇప్పుడు నీ పేరు చెబుతున్నారులే," అని మార్లిస్ లోపలికి నడిచింది. ఆ పిల్ల నిజంగానే చక్కగా ఉంది. అది చూసి మార్లిస్‌కి ఒళ్ళు మండింది. అక్కడితో ఆగకుండా మర్యాదగా కూడా ఉంది, దానికి ఇంకా మండింది.

లైల్ గోడ వారగా చాప పరుచుకుని కూర్చున్నాడు. ఆమెని చూసి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. మార్లిస్ తిన్నగా వెళ్ళి అతని పక్క ఖాళీలో చాప విదిలించింది.

టామ్సిన్ వెనకే వచ్చి చిన్నగా, "అది ఒరాలియా గారి చోటండీ. ఆవిడ ఇంకా రాలేదు," అంది.

"ఆవిడ ఇవాళ ఇంకోచోట పడుకోలేదా? మా ఆయన పక్కనే కదా నేను పడుకుంటానంటున్నది?"

"ఖాళీ కాదు మార్లిస్, మనిషి ఇంకా రాలేదంతే," అని క్లాడిన్ తన చాప మీదినుంచి గట్టిగా అంది. గదిలో కొందరు దగ్గారు, కొందరు నవ్వు మింగారు. తన చట్టం తన మెడకే చుట్టుకుంటే మార్లిస్ మాత్రం ఏమంటుంది? చాప చుట్టుకుని తలుపు దగ్గరికి వెళ్ళింది. కొత్తవాళ్ళ చోటు అది. ఒక పక్క చెప్పుల అర, నెత్తి మీద ఏసీ. ఎవరిదో ఇసుక నిండిన బూటు ఆమె ముక్కుకి ఎదురుగా ఉంది.

ఒరాలియా బెనవిడెస్ తాపీగా వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. ఒకప్పుడు ఖర్జూరాలు మూటగట్టే షెడ్డులో పనిచేసేది. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. ఊదారంగు దుప్పటి పరుచుకుని, మోకాలు పట్టుకుని కిందికి దిగి, లైల్‌కి చెయ్యి ఊపి పడుకుంది. అతను నవ్వాడు. ఆ నవ్వుని మార్లిస్ చెప్పుల అర సందులోంచి చూసింది.

"పక్కవాళ్ళు గురకపెడితే కోప్పడకండి," అంది టామ్సిన్ అలవాటుగా. "భుజం మీద మెల్లిగా చెయ్యి వెయ్యండి. వాళ్ళే సర్దుకుంటారు. రేపు మీ వంతు రావచ్చు."

గిన్నె మోగింది. నాదం నేలంతా పాకింది. మార్లిస్ కళ్ళు మూసుకోలేదు. ఒక కన్ను టామ్సిన్ మీద, ఒక కన్ను మొగుడి మీద పెట్టి కాపలా పడుకుంది. టామ్సిన్ లైల్ వైపు వెళ్ళనే లేదు. తన గిన్నెలు తనవి. అయితే రెండో గిన్నె మోగేలోపే లైల్ నిద్రపోయాడు. అంత తేలిగ్గా! ఇంట్లో అర్ధరాత్రి కుళాయి తిప్పుతూ, ఫ్రిజ్ తెరుస్తూ తిరిగే మనిషి, ఇక్కడ వెల్లకిలా పడి చంటిపిల్లాడిలా నోరు తెరిచాడు. గురక మొదలైంది. గొట్టంలో గాలి చిక్కుకున్న పంపు గురక. దాన్ని ఏ గుంపులో విన్నా ఆమె గుర్తుపడుతుంది.

ఎవరూ కదల్లేదు. ఒరాలియా కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి, లైల్ భుజం మీద రెండు వేళ్ళు ఆనించింది. అంతే. లైల్ మూలిగి, ఒత్తిగిలి, ఆవిడ వైపు తిరిగి పడుకున్నాడు. గురక ఆగిపోయింది. నిద్ర మాత్రం చెదరలేదు. ఆవిడ చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది.

అది ఆ గదిలో మర్యాదేనని మార్లిస్ ఇప్పుడే చెవులారా విన్నది. ఆవిడ వయసూ తెలుసు. అయినా గుండెల్లో కుంపటి పెట్టినట్టయింది. అందగత్తె మీద అసూయపడదామని వస్తే, పండిపోయిన ముసలామె మీద పడవలసి వచ్చింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన తను ఆ గురకకి కనిపెట్టిన మందు వెనక గది. ఈవిడ మందు రెండు వేళ్ళు! ఊరి ఒళ్ళన్నీ చదివానని విర్రవీగిన మనిషికి తన మొగుడి భుజం ఎక్కడుందో తెలియలేదన్న మాట. ఆ రెండు వేళ్ళు తనవైతే బాగుండునని మార్లిస్ పళ్ళు కొరుక్కుంది.

బయటికి వచ్చాక లైల్ మొహం కడిగిన పళ్ళెంలా ఉంది. "వచ్చావే! ఎలా ఉంది?" అన్నాడు.

"చెప్పుల కంపు," అంది మార్లిస్.

ఆదివారం మధ్యాహ్నం, ఎండకి వీధిలో కుక్క కూడా తిరగని వేళ, ఆమె తెరలు దించి, ఏసీ పెంచి, వెనక గది తలుపు దగ్గర నిలబడింది. "దిండు తెచ్చుకో. ముందు గదిలో పడుకుందాం."

"ఎందుకు?"

"మొగుడూ పెళ్ళాం ఎందుకు పడుకుంటారు? నిద్రకి! రా."

లైల్ దిండు పట్టుకుని చుట్టపుచూపుగా వచ్చాడు. మంచం అంచున, పడిపోతాడేమో అన్నట్టు, చేతులు పొట్ట మీద పెట్టుకుని పడుకున్నాడు. దవడ బిగించి పైకప్పు చూస్తున్నాడు.

"నిద్రపో."

"నువ్వు పడుకో ముందు."

ఆమె కళ్ళు మూసుకుని, క్లాసులో చెప్పినట్టే ఊపిరి లాగుతూ దొంగనిద్ర నటించింది. చాలాసేపటికి అతని ఊపిరి బరువెక్కింది. పంపులో గాలి కూడా చిక్కుకుంది. మార్లిస్ మనసు ఎగిరి గంతేసింది. ఇప్పుడు చూస్తా, ఒరాలియాకేనా వచ్చు ఈ విద్య? ఆవిడ పెట్టిన చోటే, అదే భుజం మీద, రెండు వేళ్ళు ఆనించింది.

లైల్ ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. "సారీ, సారీ, వెళ్తున్నా. నువ్వు పడుకో. నీకు పొద్దున్నే క్లాసుంది." కళ్ళు సరిగా తెరుచుకోనే లేదు. చేత్తో తడిమి దిండు అందుకుని, తలుపు తీసుకుని, వెనక గదికి వెళ్ళిపోయాడు. అంత నిద్రమత్తులోనూ ఎక్కడా దారి తప్పలేదు.

మార్లిస్ వేళ్ళు ఇంకా గాలిలోనే ఉన్నాయి.

ఆమెకి గర్వం తక్కువ కాదు. అది మింగడానికి రెండు రోజులు పట్టింది. మూడోనాడు ఒరాలియా ఇంటికి వెళ్ళింది. ఆవిడ వసారాలో గాలి తెచ్చిపోసిన ఇసుక చిమ్ముతోంది.

"మీరు మా ఆయన్ని ఎక్కడ నొక్కుతున్నారు?" అంది మార్లిస్, కూర్చోకుండానే.

ఒరాలియా చీపురు ఆపింది. "నొక్కడమేంటి మిహా?" అంది, కూతుర్ని పిలిచే స్పానిష్ మాటతో. "ఊరికే చెయ్యి వేస్తా."

"చూపించండి."

ఒరాలియా రెండు వేళ్ళు ఆమె భుజం మీద పెట్టింది. మార్లిస్ కళ్ళు మూసుకుని ఆ బరువు కొలుచుకుంది. బరువే లేదు. తను పెట్టినట్టే ఉంది. "అచ్చం ఇదే చేశా. ఇదే చోట. లేచి పారిపోయాడు. ఏదో కిటుకుంది, మీరు చెప్పట్లేదు."

"కిటుకేం లేదమ్మాయ్." ముసలామె చీపురు గోడకి ఆనించింది. "నేనంటే ఆయనకి భయం లేదు, అంతే."

ఎడారి గాలి వసారాలోకి మళ్ళీ ఇసుక తెచ్చి పోసింది. మార్లిస్ మెట్టు మీద కూలబడింది.

"నేనేం రాక్షసినా?"

"కాదు. కానీ నువ్వు ఒకసారి లేపి పంపించేశావటగా. అటువంటివి ఒళ్ళు మర్చిపోదు. నాకేం, ఆయన గురకపెట్టినా నాది పోయేదేం లేదు. మా ఎఫ్రాయిన్ నలభై ఏళ్ళు గుర్రుపెట్టాడు. తిట్టేదాన్ని, తన్నేదాన్ని కూడా. పోయాక ఆ చప్పుడు లేక ఇల్లు తినేస్తోంది. అందుకే ఆ చోటు ఎంచుకున్నా. ఒక్కోసారి లైల్‌ని అసలు కదపను. వింటూ పడుకుంటా."

మార్లిస్‌కి ఆ మాట విని జాలి కలగవలసింది. కలగలేదు. తను పారేసినది ఇంకొకరు ఏరుకుని దాచుకున్నారని తెలిస్తే కలిగే మంట కలిగింది. "ఆ చోటు నాకు ఇచ్చెయ్యండి," అంది. "బతిమాలుతున్నా. నా కొలనులో మీకు ఊట పక్కన చోటిస్తా. క్లాడిన్‌ని జరిపేస్తా."

"ఇవ్వను," అంది ఒరాలియా, నవ్వకుండా. "నీకు ఇంట్లో లేదూ చోటు?"

ఇంటికి వస్తూ మార్లిస్ ఆ ముసలామెని నోటికొచ్చినట్టు తిట్టుకుంది. సగం దారిలో తిట్లు అయిపోయాయి. లైల్‌ని తన గదికి పిలిచింది, నిజమే. కానీ అక్కడ అతను అతిథి. గురకపెడితే మళ్ళీ పొమ్మంటారని ఎదురుచూసే అతిథి. ఇంటికి చేరి, టోపీ తీసి, మంచం మీది తన దిండు చంకలో పెట్టుకుని వెనక గదికి నడిచింది.

లైల్ ఇరుకు మంచం మీద పంపుల పాత పుస్తకం తిరగేస్తున్నాడు. ఆమెనీ దిండునీ మార్చి మార్చి చూశాడు. "ఏమైంది? ఏసీ చెడిందా?"

"లేదు. ఇక్కడ పడుకోవచ్చా?"

"ఇక్కడా? ఇద్దరం పట్టం."

"పడతాంలే. నువ్వు గురకపెట్టు. నా వల్ల కాకపోతే లేచి వెళ్ళేది నేనే. నువ్వు కదలక్కర్లేదు." తన దిండు అతని దిండు పక్కన పెట్టింది. "నిన్ను పంపించి ఉండకూడదు లైల్. నాకు తెలియలేదు. నువ్వన్నా చెప్పొద్దూ!"

"నువ్వు అడగలేదుగా," అన్నాడు అతను. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే. పుస్తకం కింద పెట్టి గోడ వైపు జరిగాడు. "ఈ ఒక్క పూటకేనా?"

"నువ్వు గెంటేదాకా."

"గురువారం మాత్రం అక్కడికి వెళ్తా. ఒరాలియా ఎదురుచూస్తుంది."

"వెళ్ళు," అంది మార్లిస్. ఆ ఒక్క మాట అనడానికి ఆమె పడ్డ కష్టం కొలనులో ఎవరూ ఎప్పుడూ పడలేదు. "నేనూ వస్తా. చెప్పుల దగ్గర పడుకుంటా."

అతను నవ్వాడు. ఒకరి మోచెయ్యి ఒకరికి గుచ్చుకునేలా పడుకున్నారు. బయట గాలిమరలు తిరుగుతున్నాయి, కిటికీ సన్నగా అదురుతోంది. ఈసారి లైల్‌కి నిద్ర తొందరగానే పట్టింది. గురక ఆమె చెవిలోనే మొదలైంది, పళ్ళు కదిలిపోయేలా.

ఆమె చెయ్యి దానంతట అదే లేచింది. రెండు వేళ్ళు ఇంకా భుజానికి తగలనైనా లేదు, ఆ దగ్గరితనానికే కాబోలు, నిద్రలోనే లైల్ భుజం బిగుసుకుంది.

మార్లిస్ చెయ్యి వెనక్కి తీసుకుని తన చెంప కింద పెట్టుకుంది. ఒరాలియా మీద అసూయతో కళ్ళు మండుతున్నాయి. భుజం మళ్ళీ వదులయ్యేదాకా ఊపిరి బిగబట్టి చూసింది. తర్వాత, ఆ గురక వింటూ పడుకుంది.